స్పోర్ట్స్ కారుకి బ్యాడ్జీలు, చారలు: ఏది పెట్టాలి, ఏది మానాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మొదటి తరం బీఎండబ్ల్యూ జెడ్4, సాఫ్ట్ టాప్‌ది, నీలం రంగుది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఇంజిన్ మామూలుదే. డిక్కీ మీద ‘ఎం’ బ్యాడ్జ్ (బీఎండబ్ల్యూ తన బాగా వేగవంతమైన మోడళ్లకి పెట్టే గుర్తు) అతికించాలి, ముందు ఫెండర్ల మీద చెరో చిన్న షీల్డు (డాలు ఆకారపు గుర్తు) పెట్టాలి, బోనెట్ మీద రెండు తెల్ల చారలు వేయించాలి అని మీ ముచ్చట. ఇంతలో స్నేహితుడొకాయన ‘పైన పటారం, లోన లొటారం’ అని నవ్వేసరికి వెనకాడుతున్నారు. ఇది చవకబారుగా ఉంటుందా, లేక ఎవరిష్టం వాళ్లదా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. చారలు నిక్షేపంగా వేయించుకోండి. షీల్డులు మీ కారుకి కుదరవు, కారణం కింద చెబుతాను. ఎం బ్యాడ్జ్ మాత్రం వద్దు.

నేను పదహారేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. స్టిక్కర్లు, చారలు, ర్యాపింగ్, బ్యాడ్జీలు పెట్టడం, పీకడం. నిజం చెప్పాలంటే పెట్టే పనికి సమానంగా పీకే పని ఉంటుంది. ముందు ఓనర్ ముచ్చటపడి పెట్టుకున్నవి తర్వాతి ఓనర్‌కి నచ్చవు. ఒక్కోసారి పెట్టించుకున్న మనిషే ఆరు నెలల్లో తిరిగొస్తాడు. ఎవరు దేనికి తిరిగొస్తున్నారో చూసీ చూసీ నాకు ఒక లెక్క దొరికింది. చారలు వేయించుకున్నవాళ్లు తిరిగొస్తే ‘బోర్ కొట్టింది’ అంటారు. లేని మోడల్ పేరు పెట్టుకున్నవాళ్లు తిరిగొస్తే కారణం చెప్పరు, ‘తీసెయ్యండి’ అని మాత్రం అంటారు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా, రంగులూ చారల దగ్గర ఆ మాటే నేనూ అంటాను. ఎం బ్యాడ్జ్ సంగతి వేరు. తెల్ల చార చూసినవాడికి మీకు తెల్ల చారంటే ఇష్టమని మాత్రమే తెలుస్తుంది. డిక్కీ మీద జెడ్4 పక్కన ఎం చూసినవాడు మాత్రం లోపల ఫలానా ఇంజిన్ ఉందనుకుంటాడు.

పైగా నిజంగానే జెడ్4 ఎం అనే కారు ఒకటుంది. 2006 నుంచి 2008 దాకా అమ్మారు. బీఎండబ్ల్యూ వాళ్ల ఆ తరం ఎం3 కారులో ఉన్న 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజినే దీనిలోనూ పెట్టారు, 343 హార్స్‌పవర్. బంపర్ వేరు, వెనక సైలెన్సర్ పైపులు నాలుగు. తెలిసినవాడు మీ డిక్కీ మీద ఎం చూడగానే కింద పైపులు లెక్కపెడతాడు. అక్కడ నాలుగు కనిపించకపోతే ఇంకేం అడగడు, చిన్నగా నవ్వుకుని వెళ్లిపోతాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనే మాట మన కారు గురించి అనిపించుకోవడం ఎందుకు?

ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఎం స్పోర్ట్ ప్యాకేజీతో వచ్చే మామూలు మోడళ్లలో కొన్నిటికి కంపెనీయే పక్కన ఫెండర్ మీద చిన్న ఎం పెట్టి ఇస్తుంది. అది ప్యాకేజీ గుర్తు. డిక్కీ మీద మోడల్ పేరులో ఎం ఉంటే అది అసలు ఎం కారు. ఈ తేడా తెలియక ప్యాకేజీ కారు ఓనర్లని వెక్కిరించేవాళ్లూ ఉన్నారు, పట్టించుకోకండి. మీ కారుకి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఏదైనా ఉంటే అది అక్కడే ఉండనివ్వండి.

నా దగ్గరికి వచ్చే ఒకాయనది కూడా ఇదే కథ. వేరే కంపెనీ కూపే, చిన్న ఇంజిన్. డిక్కీ మీద మాత్రం ఆ మోడల్‌లో అన్నిటికన్నా పెద్ద ఇంజిన్ పేరు. ఒకసారి పెట్రోల్ బంకులో ఓ కుర్రాడు మహా సరదాగా వచ్చి ‘సార్, ఒక్కసారి రేస్ చేయరా, సౌండ్ వింటాం’ అన్నాడట. ఆయన చేశాడు. కుర్రాడు ‘థాంక్స్ సార్’ అని వెళ్లిపోయాడు. అంతే, వేరే గొడవేం లేదు. కానీ ఆ రోజు నుంచి ఎక్కడ ఆపినా డిక్కీని గోడ వైపుకి పెట్టి పార్క్ చేశానని ఆయనే చెప్పి నవ్వాడు. ఆ అక్షరాలు తీశాక కింద వాటి నీడ మిగిలింది. చుట్టూ పెయింట్ ఎండకి కాస్త వెలిసింది, అక్షరాల కింద మాత్రం కొత్తగా ఉంది. పాలిష్ చేస్తే చాలామటుకు కలిసిపోయింది గానీ సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే ఇప్పటికీ చదవొచ్చు.

దీనికి పూర్తిగా తిరగేసిన మనుషులూ ఉంటారు. నిజంగా పెద్ద ఇంజిన్ కారు కొని, పేరు పీకించేసుకుంటారు. పోర్షే లాంటి కంపెనీలు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘వెనక మోడల్ పేరు వద్దు’ అని ఎంచుకోనిస్తాయి. నాకు వ్యక్తిగతంగా ఈ పద్ధతే ఇష్టం. వెనక భాగం శుభ్రంగా ఉంటుంది, కడగడం తేలిక. చిన్న ఇంజిన్ ఉన్నవాళ్లకీ ఇది మంచి దారే. పేరు తీసేస్తే అబద్ధం చెప్పినట్టు కాదు కదా, మాట్లాడకుండా ఊరుకున్నట్టు. మీకు డిక్కీ మీద ఏదో ఒకటి మార్చాలనే ఉంటే, కొత్తది అతికించే బదులు ఉన్న ‘జెడ్4’ అక్షరాలని కూడా తీసి చూడండి. గుండ్రటి బ్యాడ్జ్ ఒక్కటే మిగిలితే ఆ వెనక భాగం ఎంత బాగుంటుందో!

ఇక షీల్డులు. ఏ గుర్తున్న షీల్డులు అన్నది మీరు చెప్పలేదు. ఫెండర్ మీద షీల్డు అనగానే అందరికీ గుర్తొచ్చేది గుర్రం బొమ్మ ఉన్న ఫెరారీ పసుపు షీల్డే. దాని చరిత్ర తెలిస్తే సరదాగా ఉంటుంది. 1932లో స్పా 24 గంటల రేసులో ఆ గుర్రపు షీల్డు మొదటిసారి కనిపించింది, అదీ అల్ఫా రోమియో కార్ల మీద. అప్పటికి ఫెరారీ పేరుతో కారే లేదు. స్కుడెరియా ఫెరారీ ఒక రేసింగ్ టీమ్, అల్ఫా కార్లు నడిపేది. ఆ పేరుతో మొదటి కారు 1947లో వచ్చింది. అంటే ఆ షీల్డు టీమ్ గుర్తుగానే మొదలైంది. ఇవాళ దాన్ని రోడ్డు కార్లకి డబ్బు తీసుకుని ఆప్షన్‌గా ఇస్తున్నారు. షీల్డు లేకుండా వచ్చిన పాత కార్లకి తర్వాత అతికించుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పని వాదించేవాళ్లూ ఉన్నారు. నేను ఆ గొడవలో ఉదారవాదిని. ఫెరారీకి ఫెరారీ షీల్డు పెట్టుకుంటే ఎవరి కొంప మునిగింది? కాకపోతే కొన్ని మోడళ్లలో ఫ్యాక్టరీ షీల్డు కోసం ఫెండర్‌లోనే కొంచెం లోతు చేసి ఉంటుంది, షీల్డు అందులో ఒదిగి కూర్చుంటుంది. తర్వాత అతికించింది ఉబ్బెత్తుగా కనబడుతుంది. వేలితో తడిమితే చాలు, ఏది ఎప్పటిదో తెలిసిపోతుంది.

మీ జెడ్4కి ఆ గుర్రం ఎలాగూ పెట్టరనుకుంటున్నాను. మీ క్లబ్ గుర్తో, మీరు వెళ్లిన ఓ ట్రాక్ గుర్తో అయితే నాకు అభ్యంతరం లేదు. అసలు చిక్కు చోటు దగ్గరుంది. మొదటి తరం జెడ్4 ఫెండర్ల మీద, చక్రం వెనక, ఇండికేటర్‌తో కలిపి గుండ్రటి బీఎండబ్ల్యూ బ్యాడ్జ్ ఇప్పటికే ఉంటుంది. ఒకసారి కారు చుట్టూ తిరిగి లెక్కపెట్టండి. బోనెట్ మీద ఒకటి, డిక్కీ మీద ఒకటి, పక్కన చెరొకటి, చక్రాల మధ్యలో నాలుగు. బయటే ఎనిమిది. వీటి పక్కన ఇంకో రెండు షీల్డులు పెడితే రెండు బొట్లు పెట్టుకున్న ముఖంలా ఉంటుంది. అందుకే కుదరదన్నాను. ఆ క్లబ్ గుర్తు మీద మరీ మనసుంటే వెనక అద్దం కింది మూలలో, లోపలి నుంచి అతికించే చిన్న స్టిక్కర్ చేయించుకోండి.

బ్యాడ్జీ అంటే మనుషులు ఎందుకింత పట్టింపుగా ఉంటారో తెలియాలంటే అల్ఫా రోమియో నాలుగాకుల గుర్తు కథ చాలు. 1923లో ఉగో సివోచీ అనే డ్రైవర్ తర్గా ఫ్లోరియో రేసుకి తెల్ల చతురస్రంలో ఆకుపచ్చ నాలుగాకుల గుర్తు వేసుకుని వెళ్లి గెలిచాడు. అదే ఏడాది మోంజా రేస్ ట్రాక్ మీద కొత్త కారుని పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఆ కారు మీద ఆ గుర్తు అప్పటికి ఇంకా వేయలేదంటారు. తర్వాత ఆ తెల్ల చతురస్రం ఒక మూల పోయి త్రికోణం అయింది, ఆయన లేని లోటుకి గుర్తుగా. ఇవాళ ఆ కంపెనీ వేగవంతమైన మోడళ్ల ఫెండర్ మీద ఉండేది అదే. ఇంత కథ ఉన్న గుర్తుని మామూలు డీజిల్ కారుకి అతికించమని ఒకాయన తెచ్చాడు. కథ చెప్పాను. కాసేపు ఆలోచించి బ్యాడ్జ్ జేబులో వేసుకుని వెళ్లాడు. ఇప్పుడది ఆయన తాళాల గుత్తికి ఉంది.

హోండా ఎర్ర బ్యాడ్జ్ కూడా అలాంటిదే. 1965లో మెక్సికోలో హోండా తన మొదటి ఫార్ములా వన్ రేసు గెలిచినప్పటి తెల్ల కారు, దాని మీది ఎర్ర సూర్యుడు, వాటికి గుర్తుగా టైప్ ఆర్ అనే తన వేగవంతమైన మోడళ్లకి ఎర్ర హెచ్ పెడతారు. 1992 ఎన్ఎస్ఎక్స్ టైప్ ఆర్‌తో ఆ వరస మొదలైంది. మామూలు సివిక్‌లకి ఆ ఎర్ర హెచ్‌లు మొదట్లో నేనూ బోలెడు అతికించాను. అతికించకముందు ఒక మాట చెప్పి చూడటం ఇప్పుడు అలవాటు చేసుకున్నాను.

ఒక తమాషా సంగతి. పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్ ముందు ఉండే గుర్తు లోహపుది కాదు, స్టిక్కర్! కొన్ని గ్రాముల బరువు తగ్గించడానికి అలా చేశారు. ఒక ఓనర్ ‘ఇంత కారుకి స్టిక్కరేంటండీ, చీప్‌గా ఉంది, లోహపు బ్యాడ్జ్ పెట్టండి’ అని వచ్చాడు. ఆ స్టిక్కరే ఆ కారుకి గొప్పని, అది తీసి లోహపుది పెడితే మామూలు 911 అనుకుంటారని చెబితే కాసేపు నమ్మలేదు.

చారల దగ్గర కాస్త ఆగుదాం, మీరు చేయించబోయేది ఇదే కాబట్టి.

ఈ చారలకి మూలం 1950లలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో పరుగెత్తిన అమెరికన్ కార్లు, తెలుపు మీద నీలం. తర్వాత 1965 షెల్బీ జీటీ350 అనే అమెరికన్ స్పోర్ట్స్ కారుతో ప్రపంచానికి ఎక్కేశాయి. ఆ షెల్బీల్లో కూడా బోనెట్ నుంచి డిక్కీ దాకా వెళ్లే రెండు పెద్ద చారలు అన్నిటికీ ఫ్యాక్టరీలో వేయలేదు. చాలా కార్లకి డీలర్లే వేసి ఇచ్చారు. కాబట్టి ‘తర్వాత వేయించినవి అసలువి కావు’ అనేవాళ్లు కొంచెం నెమ్మదిస్తే మంచిది.

మీ కారు నీలం, చారలు తెలుపు, అంటే దాన్నే తిరగేసినట్టు. బాగానే ఉంటుంది. కొలతలే అసలు విషయం. బోనెట్ ముందున్న గుండ్రటి బ్యాడ్జ్ వ్యాసం 82 మిల్లీమీటర్లు. చారల మధ్య సందు దానికన్నా కొంచెం ఎక్కువ, 90 మిల్లీమీటర్లు ఉంచండి, బ్యాడ్జ్ సందులో పడుతుంది, చారని కోయక్కర్లేదు. ఒక్కో చార 150 నుంచి 160. మొత్తం వెడల్పు బోనెట్‌లో మూడో వంతు దాటకూడదన్నది నా లెక్క. అది దాటిందా, నీలం కారు మీద తెల్ల చారలున్నట్టు ఉండదు, తెల్ల కారుకి నీలం అంచులున్నట్టు ఉంటుంది.

సాఫ్ట్ టాప్ కారుకి ఇంకో చిక్కు ఉంది. కూపే అయితే చార కప్పు మీదుగా సాగిపోతుంది. మీ కారులో అద్దం దగ్గర ఆగిపోయి, మళ్లీ డిక్కీ మీద మొదలవ్వాలి. టాప్ మూసినప్పుడు మధ్యలో నల్ల గుడ్డ. ఇది కొందరికి నచ్చదు. అలా అనిపిస్తే రెండు పెద్ద చారలు మానేసి, బోనెట్ మీద డ్రైవర్ వైపు ఒకే ఒక్క సన్న చార వేయించి చూడండి. డిక్కీ మీద ఏమీ అక్కర్లేదు. నాకైతే ఆ పొడుగు బోనెట్‌కి అదే అందం. రంగు కూడా పాల తెలుపు కాకుండా వెండి బూడిద అయితే కళ్లకి కొట్టదు.

ఏది చేసినా ముందు మాస్కింగ్ టేప్‌తో వేసి చూసుకోండి. రెండు అంచులకీ టేప్ వేసి, మధ్యలో పాత కాగితం అతికించినా సరే. పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి, ఫోటో తీయండి, రెండు రోజులు అలాగే పార్కింగ్‌లో ఉంచండి. మూడో రోజు పొద్దున కారు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏమనిపించిందో అదే మీ జవాబు. 250 మిల్లీమీటర్ల చారలు కావాలని పట్టుబట్టిన ఒక కుర్రాడు ఈ పద్ధతిలో చూసుకుని, తనే ఫోన్ చేసి 140కి తగ్గించాడు.

ఈ చారలు వినైల్ అనే అతికించే ప్లాస్టిక్ పొరతో వేస్తారు. అది రెండు రకాలు. కాస్ట్ వినైల్ పల్చగా, 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, వంపులకి బాగా ఒదుగుతుంది, కుంచించుకుపోదు. క్యాలెండర్డ్ అనేది దళసరి, చవక, కొన్నాళ్లకి అంచులు వెనక్కి లాగేసి చుట్టూ జిగురు గీత కనిపిస్తుంది, దానికి మురికి పట్టి నల్లగా తేలుతుంది. జెడ్4 బోనెట్‌కి వంపులు చాలా ఎక్కువ, కాస్ట్ తప్ప ఇంకోటి ఒప్పుకోకండి. బోనెట్ మీద నేరుగా ఎండ, కింద నుంచి ఇంజిన్ వేడి, కాబట్టి తలుపుల మీది స్టిక్కర్‌కన్నా ఇది ముందే పాడవుతుంది. ఎండిపోయి పగుళ్లు వచ్చేదాకా ఉంచితే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, తీసేవాడికి నరకం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి: కారు మీద బ్లేడు పెట్టి కోయొద్దని. పెయింట్ మీద ఉండే పారదర్శక పొర, క్లియర్ కోట్, మందం 40–50 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా పల్చన. చెయ్యి కాస్త బరువైతే బ్లేడు దాన్ని దాటి లోపలికి దిగుతుంది. ఒక ఎర్ర కారు మీద పాత చారలు తీస్తే, వాటి అంచుల వెంబడే బోనెట్ ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు గీతలు, స్కేల్ పెట్టి గీసినట్టు. పాలిష్‌కి లొంగలేదు. బోనెట్ మొత్తం మళ్లీ పెయింట్ చేయించాల్సి వచ్చింది. లోపల దారం ఉండే టేపులు దొరుకుతాయి. వినైల్ కింద ముందే వేసి, తర్వాత ఆ దారం లాగితే అదే కోసుకుంటూ వస్తుంది. పని తెలిసినవాళ్లు అదే వాడతారు.

బ్యాడ్జ్ తీసే పని మీరే చేసుకోవచ్చు. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, డెంటల్ ఫ్లాస్ గానీ గాలం దారం గానీ వెనకనుంచి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. స్క్రూడ్రైవర్‌తో మాత్రం పెకలించొద్దు. మిగిలిన జిగురుని బొటనవేలితో నెమ్మదిగా రుద్దితే ఉండల్లా ఊడి వస్తుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పని మొదలుపెట్టే ముందు ఆ బ్యాడ్జ్ వెనక పిన్నులు ఉన్నాయో లేవో కనుక్కోండి. ఉంటే తీసిన తర్వాత రేకుకి రంధ్రాలు మిగులుతాయి, నీళ్లు దిగుతాయి. గుండ్రటి బీఎండబ్ల్యూ బ్యాడ్జీలు చాలావరకు పిన్నులవే.

కొత్తది అతికించేటప్పుడు రేకు మరీ చల్లగా ఉండకూడదు, 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే యాక్రిలిక్ ఫోమ్ టేపు బాగా పడుతుంది. గట్టిగా ఒత్తండి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా కడగొద్దు. సరళరేఖ కోసం నేలని చూసి కొలవకండి. కారు బాడీ మీది మడత గీతనే ఆధారం చేసుకోండి. నేలకి సమంగా పెట్టిన బ్యాడ్జ్ ఆ గీత పక్కన వంకరగానే కనిపిస్తుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. కొత్త కార్లలో ముందు గుర్తు వెనక రాడార్, డిక్కీ గుర్తు వెనక కెమెరా ఉండొచ్చు. అలాంటిదాని మీద నల్ల వినైల్ అతికించుకున్న ఒకాయనకి హైవే మీద క్రూజ్ కంట్రోల్ పనిచేయడం మానేసింది. వారం పాటు వర్క్‌షాప్ చుట్టూ తిరిగాడు. వినైల్ పీకగానే సరైపోయింది.

పైన అతికించే ఉత్తుత్తి గాలి రంధ్రాల గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. రేసు కారు ఫెండర్ మీద రంధ్రం చక్రం గూట్లో పోగయ్యే గాలి ఒత్తిడిని బయటికి వదలడానికి. అతికించిన ప్లాస్టిక్ ముక్కలోంచి ఏం వదులుతుంది? ఎం బ్యాడ్జ్ ఏ కోవలోదో ఇదీ అదే.

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ తెలిసినవాణ్ణి అనుకోకండి. నా మొదటి కారు మాజ్దా ఎంఎక్స్-5. దాని తలుపుల కింద ఆయిల్, బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, స్పార్క్ ప్లగ్గులు, అన్నీ కలిపి ఏడు కంపెనీల స్టిక్కర్లు, వరసగా. అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినాయన కూర్చుని ఒక్కొక్కటీ చదివి, ‘వీటిలో కారులో ఉన్నవి ఏవండీ?’ అని మర్యాదగా అడిగాడు. ఆయిల్ ఒక్కటే ఉంది. అదీ మార్చాల్సిన టైమ్ దాటిపోయింది.

మీరు టేప్ వేసి చూసుకున్నాక ఒక ఫోటో పెట్టండి. ముందు నుంచి ఒకటి, డ్రైవర్ వైపు మూల నుంచి ఇంకొకటి. బోనెట్ అంచు నుంచి అంచుకి ఎంత వచ్చిందో కూడా రాయండి, ఒంటి చార అయితే ఎక్కడ మొదలుపెట్టాలో లెక్కేసి చెబుతాను.